జరగలేదనీ చెబుతుంది, జరిగిందటనీ చెబుతుంది

ఫ్రెంచి నేర్చుకోవడం మొదలుపెట్టిన రెండో ఏడు, ఒక వార్తల సైట్‌లో ఈ వాక్యం చదివాను: "ల మినిస్త్ర్ ఓరే దెమిస్యొనే." ల మినిస్త్ర్ అంటే మంత్రి. దెమిస్యొనే రాజీనామాకు సంబంధించిన క్రియ. మధ్యలో ఉన్న 'ఓరే' ఆ వారమే క్లాసులో నేర్చుకున్నాం. 'ఇలా జరిగి ఉంటే అలా చేసి ఉండేదాన్ని' అనే చోట వస్తుందని నోట్సులో రాసుకున్నాను. అందుకని "మంత్రి రాజీనామా చేసి ఉండేవారు" అని అర్థం చేసుకుని, మరి ఎందుకు చేయలేదో చూద్దామని వార్త చివరిదాకా వెతికాను. కారణం ఎక్కడా లేదు. మర్నాడు అడిగితే మేడమ్ ఒక్క ముక్కలో తేల్చేశారు: "చేసి ఉండేవారు కాదమ్మా, చేశారట."

తెలుగులో 'చేసి ఉండేవారు' అంటే చేయలేదనే. 'చేశారట' అంటే చేశారని ఎవరో అంటున్నారు, నేను చూడలేదు, పూచీ నాది కాదు అని. ఇంత ఎడం ఉన్న రెండు మాటలకి ఫ్రెంచివాళ్లు ఒకే రూపం ఎలా వాడతారు? ఆ ప్రశ్న నన్ను చాలాకాలం వదల్లేదు. దాని జవాబు కోసం వెళ్తే ఫ్రెంచి గురించి ఎంత తెలిసిందో తెలుగు గురించీ అంతే తెలిసింది.

ఈ రూపాన్ని ఫ్రెంచిలో కోఁదిస్యొనెల్ పాసే అంటారు. గతకాలపు షరతు రూపం అనుకోవచ్చు. తయారీకి రెండు ముక్కలు చాలు: ఒక సహాయక క్రియ, దాని వెనక అసలు క్రియ తాలూకు భూతకాల రూపం. సహాయక క్రియలు రెండే. 'కలిగి ఉండు' అనే అర్థమున్న అవ్వార్, 'ఉండు' అనే అర్థమున్న ఎత్ర్. వీటిని షరతు రూపంలోకి మారిస్తే మొదటిది 'ఓరే' అవుతుంది, రెండోది 'సరే' అవుతుంది. తెలుగు చెవికి రెండూ ఇంట్లో మాటల్లా వినిపిస్తాయి కాబట్టి మర్చిపోవడం కష్టం. జోరే మాఁజే: నేను తిని ఉండేదాన్ని. జ సరే వన్యు: నేను వచ్చి ఉండేదాన్ని.

ఎక్కువ క్రియలకు ఓరే పడుతుంది. వెళ్లడం, రావడం, పుట్టడం, చనిపోవడం, పడిపోవడం, ఉండిపోవడం లాంటి కొద్దిపాటి క్రియలకూ, తనకు తాను చేసుకునే క్రియలన్నిటికీ సరే. నేను, నువ్వు, అతడు, మేము, మీరు, వాళ్లు అంటూ మార్చుకుంటూ పోతే 'ఓరే' రాతలో ఐదు రకాలుగా ఉంటుంది, చెవికి మాత్రం మూడే: ఓరే, ఓర్యోఁ, ఓర్యే. సరే వచ్చినచోట ఇంకో చిన్న పని ఉంది. 'నేను వచ్చి ఉండేదాన్ని' అని ఆడమనిషి రాస్తే వన్యు చివర ఒక అక్షరం అదనంగా చేర్చాలి. అది పలకదు, కంటికే కనిపిస్తుంది. మనకు ఇది కొత్త సంగతేం కాదు. ఉండేవాణ్ణి, ఉండేదాన్ని అని రాసేది ఆడా మగా అన్నది మన క్రియ కూడా చెప్పేస్తుంది. పైగా మనం పైకే పలుకుతాం.

ఇప్పుడు 'ఓరే' అన్న చిన్న మాటను విప్పి చూద్దాం. నాకు ఈ అంశంలో అన్నిటికంటే ఇష్టమైన భాగం ఇదే. లాటిన్ భాష చివరి రోజుల్లో జనం 'పాడాల్సి ఉంది' అనడానికి 'కాంతారే హాబేయో' అనేవారు. కాంతారే అంటే పాడటం, హాబేయో అంటే నాకు ఉంది. వాడగా వాడగా ఆ రెండు మాటలూ అతుక్కుపోయి ఫ్రెంచి భవిష్యత్ కాలం పుట్టింది. దాన్నే గతంలోకి జరిపి 'కాంతారే హాబేబామ్' అంటే 'పాడాల్సి ఉండేది'. అది అతుక్కుపోయి షరతు రూపం అయింది. అంటే ఫ్రెంచి షరతు రూపం పుట్టుకలోనే సగం భవిష్యత్తు, సగం గతం. ఓరేలో 'ఓర్' అనే ముక్క భవిష్యత్ కాలానిది, చివరి 'ఏ' గతంలో సాగుతూ ఉన్న పనిని చెప్పే ప్రత్యయం. క్రీస్తుశకం 880 ప్రాంతంలో సెయింట్ యులాలీ మీద రాసిన ఒక పాట ఉంది. దాని రాతప్రతి ఫ్రాన్సులోని వాలాఁస్యెన్ పట్టణపు లైబ్రరీలో ఉంది. శీలం పోగొట్టుకోవడం కంటే ఆ అమ్మాయి చిత్రహింసలనైనా భరిస్తుంది అని చెప్పేచోట, ఫ్రెంచి రాతల్లోకెల్లా మొట్టమొదటి షరతు రూపం కనిపిస్తుంది.

'జోరే యు' అనే మాట చూడండి. నాకు ఉండి ఉండేది అని అర్థం. టైమ్ ఉండి ఉండేది, డబ్బు ఉండి ఉండేది అనే చోట వాడతారు. ఇందులో 'ఓర్' అవ్వార్ నుంచి వచ్చింది. చివరి 'ఏ' లాటిన్ హాబేబామ్ అరిగిపోగా మిగిలిన ముక్క, అదీ అవ్వారే. 'యు' అవ్వార్ భూతకాల రూపం. రెండు చిన్న మాటల్లో ఒకే క్రియ మూడుసార్లు ఇమిడిపోయింది. 'ఉండి ఉండేది' అని మనమూ ఒకే క్రియను రెండుసార్లు వాడుతున్నామని నాకు అప్పుడే తట్టింది.

షరతు వాక్యంలో 'అయితే' అనే అర్థానికి ఫ్రెంచిలో 'సి' అంటారు. సి ఉన్న సగంలో ఓరే, సరేలు రాకూడదు. అక్కడ మరో భూతకాల రూపం వాడాలి. సి జావే స్యు, జ సరే వన్యు: తెలిసి ఉంటే వచ్చి ఉండేదాన్ని. ఫ్రెంచి బడిపిల్లలు దీన్ని 'సి-లకి రే-లంటే పడదు' అనే అర్థం వచ్చే చిన్న వాక్యంతో గుర్తుపెట్టుకుంటారు. 1962లో వచ్చిన లా గేర్ దె బుతోఁ అనే సినిమాలో ఓ బుడతడు "సి జోరే స్యు, జోరే పా వన్యు" అంటాడు. 'తెలిస్తే వచ్చేవాణ్ణి కాదు' అని వాడి బాధ. చిన్న వాక్యంలో రెండు తప్పులు: సి పక్కన ఓరే పెట్టాడు, రావడానికి సరే బదులు ఓరే వాడాడు. ఫ్రాన్సులో పెద్దవాళ్లకు కూడా ఆ మాట నోటికొచ్చు. రూల్ మర్చిపోయినప్పుడల్లా నేనూ ఆ పిల్లవాణ్ణే తలుచుకుంటాను.

తెలుగులోనూ ఇలాంటి కట్టుబాటే ఉంది. 'తెలిసి ఉంటే' అంటాం, 'వచ్చి ఉండేదాన్ని' అంటాం. 'ఉండేదాన్ని'ని తీసుకెళ్లి 'అయితే' వైపు పెట్టం. ఎవరూ నేర్పకుండానే మనకు అది వచ్చేసింది.

మొదటి ప్రశ్నకు వద్దాం. గతకాలపు ప్రత్యయానికీ, జరగని పనికీ ఏమిటి సంబంధం? 'చిన్నప్పుడు రోజూ గుడికి వెళ్లేదాన్ని' అన్నామంటే నిజంగా వెళ్లిన సంగతి. 'నువ్వు పిలిస్తే వెళ్లేదాన్ని' అంటే వెళ్లనే లేదు. రెండు చోట్లా క్రియ ఒకటే. ఫ్రెంచిలోనూ షరతు రూపం చివర ఉన్న 'ఏ', 'చిన్నప్పుడు రోజూ' అనేచోట వచ్చే 'ఏ' ఒకటే. ఎక్కడి ఫ్రెంచి, ఎక్కడి తెలుగు! గ్రీకు లాంటి మరికొన్ని భాషల్లోనూ ఇదే తీరు. 2000లో సబీన్ ఇయాట్రిడూ అనే భాషాశాస్త్రవేత్త దీనికి ఒక వివరణ ఇచ్చారు. ఆమె వాదన ప్రకారం గతకాల ప్రత్యయం అసలు పని కాలం చెప్పడం కాదు, దూరం చెప్పడం. 'నేను మాట్లాడుతున్నది ఇక్కడి సంగతి కాదు' అని అది గీత గీస్తుంది. ఆ గీత కాలం మీద పడితే 'ఇప్పటిది కాదు' అని అర్థం. వాస్తవం మీద పడితే 'మనమున్న ఈ లోకంలోది కాదు' అని అర్థం.

ఈ మాట చదివాక నా మంత్రిగారి వాక్యం నాకు విడిపోయింది. విలేకరి 'ఓరే' అని రాస్తూ ఆ వార్తను తన నుంచి దూరం జరుపుతున్నాడు. జరగలేదని అనడం లేదు, జరిగిందని తాను అనడం లేదంతే. మనకు ఆ పనికి 'అట' ఉంది. ఫ్రెంచివాళ్లకు అలాంటి ప్రత్యయం లేదు, అందుకని దూరం చూపించే రూపాన్నే ఆ పనికీ పెట్టుకున్నారు. చదివేటప్పుడు తేడా తెలియడానికి చుట్టుపక్కల చూడాలి. దగ్గర్లో 'సి' ఉంటే 'ఉండేవారు'. 'ఫలానావారి ప్రకారం' అనే అర్థమిచ్చే 'సలోఁ' ఉంటే 'అట'. రెండూ లేకుండా వార్తల్లో కనిపిస్తే దాదాపుగా 'అట'నే అనుకోవచ్చు. ఇంగ్లీషు మీదుగా ఫ్రెంచి నేర్చుకునేవాళ్లు ఇక్కడ ఎక్కువగా తడబడతారు, ఎందుకంటే ఇంగ్లీషులో ఈ రెంటికీ వేరువేరు మాటలు వాడాలి. తెలుగులో 'అట' చెవిన పడుతూ పెరిగినవాళ్లకు ఒక్కసారి చెబితే చాలు. మన క్లాసుల్లో దీన్ని తెలుగులోనే వివరిస్తే బాగుంటుందని నాకు గట్టిగా అనిపిస్తుంది.

పశ్చాత్తాపానికీ, నిష్ఠూరానికీ కూడా ఈ రూపమే. జోరే ద్యు: నేను చేయాల్సింది. "త్యు ఓరే ప్యు మ ల దీర్!" అంటే "ఒక్క మాట నాకు చెప్పి ఉండొచ్చుగా!" ఇంట్లో ఎవరో అలిగి అన్నట్టు వినిపించడం లేదూ?

అన్నిటికంటే మెత్తని వాడకం ఆఫీసు కౌంటర్ల దగ్గర వినిపిస్తుంది. "నాకు ఒక సమాచారం కావాలి" అని సూటిగా అడగరు. "జోరే వూల్యు అఁ రాఁసెఞ్ఞమాఁ" అంటారు. మాటకు మాట పెడితే 'ఒక సమాచారం కోరుకుని ఉండేదాన్ని' అని వస్తుంది, కానీ అసలు తెలుగు అది కాదు. పెద్దవాళ్ల దగ్గరికెళ్లి "మీతో ఒక మాట మాట్లాడదామనుకున్నానండీ" అంటామే, అదీ. అనుకోవడం ఎప్పుడో అయిపోయినట్టు గతంలో పెడతాం, మాట్లాడాల్సింది ఇంకా మొదలే కాలేదు. మన కోరికను కాస్త వెనక్కి జరిపి, ఎదుటివారు కాదనడానికి చోటు వదులుతాం. కౌంటర్ అవతలి మనిషి మాత్రం వర్తమాన కాలంలోనే జవాబిస్తారు: "జ వూ జెకూత్." చెప్పండి, వింటున్నాను.