పంచాయతీ గుమ్మం దాకా వచ్చి ఆగిన తీగ

విశాఖపట్నం పొరుగున, ఇప్పుడు అనకాపల్లి జిల్లాలో ఉన్న పరవాడ మండలానికి దేశంలోని గ్రామీణ ఇంటర్నెట్ చరిత్రలో చిన్నదే అయినా చెప్పుకోదగిన స్థానం ఉంది. ప్రతి గ్రామ పంచాయతీకీ ఆప్టికల్ ఫైబర్, అంటే సమాచారాన్ని వెలుగు రూపంలో మోసే గాజు తీగ, వెయ్యాలని సంకల్పించిన కేంద్ర ప్రభుత్వం 2012లో ఆ పనిని మొదట మూడు చోట్ల చేసి చూసింది. రాజస్థాన్‌లోని అరాయ్, త్రిపురలోని పానీసాగర్ కాక మూడోది పరవాడ. మూడింటిలోనూ కలిపి అరవైకి మించని పంచాయతీలకు తీగ చేరింది. పంచాయతీ కార్యాలయం దాకా కేబుల్ వెయ్యడం సాధ్యమేనని ఆ ప్రయోగంతో రుజువైంది. అయితే అక్కడి నుంచి బడికి, ఆరోగ్య కేంద్రానికి, ఇళ్లకు దాన్ని ఎవరు తీసుకువెళ్లాలి, తెగితే ఎవరు అతకాలి, అందుకు ఏటా డబ్బు ఎక్కడి నుంచి రావాలి అన్న ప్రశ్నలు మిగిలిపోయాయి. తర్వాతి పదేళ్ల కథంతా ఆ ప్రశ్నల చుట్టూనే తిరిగింది.

పల్లెలకు ఫోను, ఇంటర్నెట్ చేర్చే ఈ పథకాలు సాధారణ పన్నుల మీద కాక ఫోను వాడేవారి చెల్లింపుల మీద నడుస్తున్నాయి. లాభం రాని పల్లెలకు ప్రైవేటు కంపెనీలు తమంతట తాముగా వెళ్లవన్న గ్రహింపుతో 1999 నాటి కొత్త టెలికాం విధానం సార్వత్రిక సేవా సుంకాన్ని, అంటే అందరికీ సేవ అందించడం కోసం టెలికాం కంపెనీల నుంచి తీసుకునే వాటాను, ప్రతిపాదించింది. ఆ సుంకంతో నడిచే యూనివర్సల్ సర్వీస్ ఆబ్లిగేషన్ ఫండ్ 2002 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చింది. 2003 నాటి టెలిగ్రాఫ్ చట్ట సవరణ దానికి చట్టబద్ధత కల్పించింది. టెలికాం కంపెనీల సర్దుబాటు చేసిన స్థూల రాబడిలో, అంటే కొన్ని మినహాయింపులు పోను మిగిలే ఆదాయంలో, 5 శాతం ఈ నిధి కోసం వసూలవుతుంది. అయితే ఆ డబ్బు నేరుగా నిధికి చేరదు. మొదట కేంద్ర ప్రభుత్వ రాబడి చేరే ఖాతా అయిన భారత సంఘటిత నిధిలో జమ అయి, పార్లమెంటు ఆమోదంతో కేటాయింపు జరిగాకే ఖర్చుకు అందుతుంది. వసూలైనంత ఏ ఏటికా ఏడు ఖర్చు కాకపోవడంతో వేల కోట్ల రూపాయలు లెక్కల్లో మిగులుగా పేరుకుపోతూ వచ్చాయి. ఫోను బిల్లు కట్టే ప్రతి ఒక్కరి నుంచీ, పల్లెవాసుల నుంచి కూడా, పల్లెల పేరుతోనే తీసుకున్న సొమ్ము ఇన్నేళ్లు అలా నిలిచిపోవడం ఈ కథలో అన్నిటికంటె బాధ కలిగించే విషయమని నేననుకుంటాను.

తొలి ఏళ్లలో నిధి లక్ష్యం గ్రామాల్లో టెలిఫోను ఉంచడమే. చట్టం కూడా ప్రాథమిక సేవలకే దాన్ని పరిమితం చేసింది. మొబైలుకు, బ్రాడ్‌బ్యాండ్‌కు దారి తెరవడానికి 2006లో మరో సవరణ అవసరమైంది. అప్పటికే 2004 బ్రాడ్‌బ్యాండ్ విధానం 2010 నాటికి 2 కోట్ల కనెక్షన్లను లక్ష్యంగా పెట్టుకుని ఉంది. సెకనుకు 256 కిలోబిట్ల వేగాన్నే అప్పట్లో బ్రాడ్‌బ్యాండ్‌గా లెక్కించేవారు. అయినా గడువు ముగిసేసరికి సాధించినది సగానికి కాస్త ఎక్కువ మాత్రమే. అందులోనూ పట్టణాలదే సింహభాగం. పాత రాగి తీగల మీదనే పల్లెలకు బ్రాడ్‌బ్యాండ్ ఇవ్వడానికి 2009లో బీఎస్ఎన్ఎల్‌తో కుదిరిన ఒప్పందం కూడా ఈ అంతరాన్ని పూడ్చలేకపోయింది.

ఈ పరిస్థితుల్లో 2011 అక్టోబరు 25న కేంద్ర మంత్రివర్గం జాతీయ ఆప్టికల్ ఫైబర్ నెట్‌వర్క్‌కు ఆమోదం తెలిపింది. సుమారు 20 వేల కోట్ల రూపాయలతో రెండేళ్లలో రెండున్నర లక్షల పంచాయతీలను కలపాలన్నది ప్రణాళిక. అమలు కోసం 2012 ఫిబ్రవరిలో భారత్ బ్రాడ్‌బ్యాండ్ నెట్‌వర్క్ లిమిటెడ్ ఏర్పడింది. తవ్వకం, కేబుల్ పని ప్రభుత్వ రంగంలోని బీఎస్ఎన్ఎల్, రైల్‌టెల్, పవర్‌గ్రిడ్ సంస్థలు పంచుకున్నాయి. ఖర్చు తగ్గుతుందని మండల కేంద్రాల నుంచి అప్పటికే ఉన్న బీఎస్ఎన్ఎల్ తీగను వాడుకుని, అది లేనిచోటు నుంచి పంచాయతీ దాకా మాత్రమే కొత్తది వేశారు. ఈ నిర్ణయమే తర్వాత పెద్ద చిక్కయింది. పాత తీగ పలుచోట్ల దెబ్బతిని ఉంది. పైగా అల్లిక వలయంలా కాక ఒకే వరుసలో సాగింది కనుక, రోడ్డు వెడల్పు కోసమో నీటి గొట్టం కోసమో ఎక్కడో ఒకచోట తవ్వినప్పుడు తీగ తెగితే దాని అవతలి పంచాయతీలన్నీ ఒకేసారి మూగబోయేవి. దీనికి పంచాయతీ కార్యాలయాల్లో కరెంటు కోతలు, పరికరాన్ని చూసుకునే మనిషి లేకపోవడం తోడయ్యాయి. ప్రగతి నివేదికలు మాత్రం వేసిన కిలోమీటర్లను లెక్కబెట్టాయి కానీ, ఆ తీగలో వెలుగు నెలకు ఎన్ని రోజులు నిలిచిందో అడగలేదు.

రెండేళ్ల గడువు గడిచిపోయాక, కేంద్ర ఐటీ శాఖ కార్యదర్శిగా పనిచేసిన ఆంధ్రప్రదేశ్ క్యాడర్ అధికారి జె. సత్యనారాయణ అధ్యక్షతన ఒక కమిటీ 2015 మార్చిలో నివేదిక ఇచ్చింది. వలయాకారపు అల్లిక, రాష్ట్రాలకు భాగస్వామ్యం, దాదాపు 72,778 కోట్ల అంచనా దాని ముఖ్యాంశాలు. పథకానికి భారత్‌నెట్ అన్న పేరు కూడా అప్పుడే వచ్చింది. తొలి దశలోని లక్ష పంచాయతీలు 2017 డిసెంబరుకు పూర్తయ్యాయని ప్రభుత్వం ప్రకటించింది. అదే ఏడాది జూలైలో మొత్తం వ్యయాన్ని 42,068 కోట్లకు సవరిస్తూ, తామే కట్టుకుంటామన్న రాష్ట్రాలకు రెండో దశ పనిని అప్పగించింది. వాటిలో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండూ ఉన్నాయి.

ఇక్కడ తెలుగు రాష్ట్రాల అనుభవం దగ్గర కాస్త ఆగి చూడాలి. ఆంధ్రప్రదేశ్ 2015లో ఫైబర్‌నెట్ సంస్థను స్థాపించి, భూమిని తవ్వకుండా కరెంటు స్తంభాల మీదుగా తీగ లాగింది. తొలి దశలో సుమారు 333 కోట్లతో దాదాపు 24 వేల కిలోమీటర్లు పరచింది. కోనసీమలోని మోరి గ్రామంలో 2016 డిసెంబరులో మొదలై, మరుసటి డిసెంబరులో రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ చేతుల మీదుగా ప్రారంభమైన ఈ సేవలో నెలకు 149 రూపాయలకే ఇంటర్నెట్, టీవీ, ఫోను కలిపి ఇచ్చారు. ఆ ధర నిలవలేదు. స్తంభం మీది తీగకు తుపాను భయం ఎప్పుడూ ఉంటుంది. అయినా కేంద్ర పథకం వదిలేసిన చివరి అంగను ఇది గుర్తించింది: సబ్‌స్టేషన్ నుంచి ఇంటిదాకా తీసుకువెళ్లే పనిని, ప్రతి వీధినీ ప్రతి ఇంటినీ ఎరిగిన స్థానిక కేబుల్ ఆపరేటర్ల చేతుల్లో పెట్టింది. తెలంగాణ మరో దారి తొక్కింది. మిషన్ భగీరథ నీటి గొట్టాల కోసం ఎలాగూ తవ్వుతున్న కందకాల్లోనే ఫైబర్ గొట్టాలు కూడా పరచి, తవ్వకం ఖర్చును ఆదా చేసుకుంది.

కోవిడ్ కాలంలో బడులు మూతపడ్డప్పుడు ఈ లోటు ఎంత లోతైనదో అందరికీ తెలిసింది. సిగ్నలు కోసం పిల్లలు గుట్టలెక్కిన దృశ్యాలు మన్యంలోనూ కనిపించాయి. 2020 ఆగస్టు 15న ప్రధాని అన్ని గ్రామాలకూ వెయ్యి రోజుల్లో ఫైబర్ అందిస్తామన్నారు. అందుకు 2021 జూన్‌లో 16 రాష్ట్రాల కోసం 19,041 కోట్ల సాయంతో ప్రైవేటు భాగస్వామ్యాన్ని ఆహ్వానిస్తే టెండర్లకు స్పందన రాక అది ఆగిపోయింది. అదే ఏడాది నవంబరులో ఆంధ్రప్రదేశ్ సహా ఐదు రాష్ట్రాల వెనుకబడిన జిల్లాల్లోని 7,287 గ్రామాలకు 4జీ టవర్ల కోసం ఇదే నిధి నుంచి 6,466 కోట్లు మంజూరయ్యాయి. తీగ చేరని కొండ ఊళ్లకు నిజంగా ఉపకరించినది ఇలాంటి టవర్లే.

2023 ఆగస్టులో ఆమోదం పొందిన సవరించిన భారత్‌నెట్ వ్యయం 1,39,579 కోట్లు. పాత వరుస అల్లికను వలయంగా మార్చడం, పదేళ్ల నిర్వహణ ఖర్చును ముందే లెక్కలో చేర్చడం, ఐదేళ్లలో కోటిన్నర గ్రామీణ ఇళ్లకు కనెక్షన్లు ఇవ్వడం ఇందులో ఉన్నాయి. పరవాడ నాటి ప్రశ్నలకు పద్దులో చోటు దొరికింది ఇప్పుడే. అదే ఏడాది వచ్చిన టెలికమ్యూనికేషన్ల చట్టం పాత నిధికి డిజిటల్ భారత్ నిధి అని పేరు మార్చి, పరిశోధన, సాంకేతికాభివృద్ధి ఖర్చులను కూడా దాని పరిధిలోకి తెచ్చింది. సుంకం మొదట సంఘటిత నిధికి చేరి, పార్లమెంటు కేటాయిస్తేనే బయటికి వచ్చే పద్ధతి మాత్రం కొత్త చట్టంలోనూ అలాగే ఉంది.