టైమింగ్ కిట్ కొనే ముందు

రాయగడ, గుణుపురం, జయపురం షెడ్లలో పని నేర్చుకుంటున్న పిల్లలకు,

ఐటీఐ అయిపోయి నాలుగు డబ్బులు చేతిలో పడగానే డీజిల్ టైమింగ్ కిట్ (ఇంజిన్‌లో డీజిల్ పడే సమయం సరిచూసే పనిముట్ల పెట్టె) కొనాలని మీలో చాలామంది ఉబలాటపడుతున్నారు. సంతోషం. అయితే పెట్టెలో ఎన్ని ముక్కలున్నాయో చూసి కొనకండి. మీ దగ్గరికి ఏ ఇంజిన్లు వస్తున్నాయో చూసి కొనండి.

డీజిల్ ఇంజిన్‌లో స్పార్క్ ప్లగ్ ఉండదు. సిలిండర్‌లో ఒత్తిడికి వేడెక్కిన గాలికే డీజిల్ అంటుకుంటుంది. పిస్టన్ పైకొచ్చే సమయానికి, క్రాంక్ (పిస్టన్లకు తగిలించిన ఇరుసు) తిరిగే లెక్క ప్రకారం కొన్ని డిగ్రీల ముందు డీజిల్ పడాలి. మరీ ముందు పడితే ఇంజిన్ టకటకా కొట్టుకుంటుంది. ఆలస్యమైతే పొగ, వేడి. సరుకు లారీ సుంకి ఘాట్‌లో లాగలేక చతికిలబడుతుంది.

పొలాల్లో నీళ్లు తోడే సింగిల్ సిలిండర్ ఇంజిన్లకు చాలావరకు డీజిల్ పంపు కింద పెట్టే షిమ్‌లే (పల్చటి రేకులే) ఆధారం. షిమ్ వేస్తే టైమింగ్ వెనక్కి, తీస్తే ముందుకు. పాత ట్రాక్టర్లు, లారీల్లో మనం మికో పంపు అనే ఇన్‌లైన్ పంపుకు వంపు తిరిగిన స్పిల్ పైపు చాలు. ఇంజిన్ చేత్తో తిప్పుతుంటే డీజిల్ ధార ఎక్కడ ఆగిందో అక్కడే పంపు తోయడం మొదలైనట్టు.

రోటరీ పంపు దగ్గరే అసలు పనితనం. నాలుగు పైపుల మధ్య ఉన్న బోల్టు తీసి అడాప్టర్‌తో డయల్ గేజ్ బిగించాలి. గేజ్ మిల్లీమీటరులో నూరో వంతు చూపాలి. క్రాంక్‌ను వెనక్కి తిప్పుతూ ముల్లు కదలడం ఆగిన చోట సున్నా పెట్టండి. తర్వాత ఇంజిన్ తిరిగే దిశలోనే టీడీసీకి (పిస్టన్ పూర్తిగా పైనుండే చోటికి) తెచ్చి చదవండి. గుర్తు దాటిపోతే కొంచెం వెనక్కి అనకండి. బాగా వెనక్కి వెళ్లి మళ్లీ రండి, లేకపోతే గేర్లలో ఉండే లూజు మీ అంకెలోకి వస్తుంది. ఆ అంకె ఎంతుండాలో ఆ ఇంజిన్ మాన్యువల్‌లోనే చూడాలి. పక్క బండిది పనికిరాదు.

కామన్ రైల్ బళ్లలో (ఒకే పైపు నుంచి అన్ని సిలిండర్లకూ డీజిల్ అందేవి) డీజిల్ ఎప్పుడు పడాలో ఈసీయూ అనే కంప్యూటర్ చూసుకుంటుంది. మీకు కావాల్సింది టైమింగ్ బెల్టు మార్చేటప్పుడు క్రాంక్, క్యామ్ (వాల్వులు తెరిచే ఇరుసు) కదలకుండా ఉంచే లాకింగ్ పిన్నులు. ఇంజిన్ కోడ్ చెప్పి అడగండి. విశాఖలో కొన్నా, బరంపురంలో కొన్నా, పిన్ను రంధ్రంలో కదలాడితే వెనక్కి ఇచ్చేయండి. ఇంకో మాట, దీన్ని మాత్రం గట్టిగా పట్టుకోండి: పిన్ను ఉన్నది స్థానం చూపడానికి, బలం ఆపడానికి కాదు. పిన్ను పెట్టి పుల్లీ బోల్టు విప్పితే అది వంగుతుంది, టైమింగ్ తప్పుతుంది. దానికి వేరే హోల్డర్ ఉంటుంది, అదీ కొనండి.

బెల్టు వేశాక పిన్నులన్నీ తీసి, క్రాంక్‌ను స్పానర్‌తో రెండు చుట్లు తిప్పండి. క్యామ్‌కు అది ఒక్క చుట్టు. ఎక్కడైనా గట్టిగా తగిలితే ఆగిపోండి, వాల్వు పిస్టన్‌ను తాకుతోందేమో చూడండి. సెల్ఫ్ కొట్టడం ఆ తర్వాతే.

మొదటి జీతాల్లో మంచి టార్క్ రెంచ్, డయల్ గేజ్ కొనుక్కోండి. పిన్నులు వచ్చే బండిని బట్టి ఒక్కో జత చేర్చుకుందురు గాని.

మీ పెద్ద మేస్త్రీ