సైకీ: ఇనుప ముద్ద అన్న పేరు ఎలా వచ్చింది?

అంగారక, బృహస్పతి గ్రహాల కక్ష్యల నడుమ తిరిగే సైకీ అనే గ్రహశకలం పేరు చెప్పగానే ‘ఇనుప ప్రపంచం’ అనడం వార్తల్లో రివాజైంది. అందులోని ఇనుముకు ధర కట్టి, అంకె పక్కన సున్నాలు పేర్చిన కథనాలకూ కొదవ లేదు. ఆ పేరు ఇప్పుడు మునుపటంత గట్టిగా నిలబడడం లేదు.

ఇటలీ ఖగోళ శాస్త్రవేత్త అనిబాలె దె గాస్పరిస్ 1852 మార్చి 17న నేపుల్స్ వేధశాల నుంచి దీన్ని కనుగొన్నారు. ఆయన ఖాతాలో ఇది ఐదవది, మొత్తం వరుసలో పదహారవది. గ్రహశకలాల వేటలోకి ఛాయాచిత్రాలు ఇంకా రాని కాలమది. దూరదర్శినిలో కనిపించిన చుక్కలను నక్షత్ర పటంతో పోల్చి, పటంలో లేనిది ఒకటి తగిలితే అది మర్నాటి రాత్రికి జరిగిందో లేదో చూసి నిర్ధారించుకునేవారు. గ్రీకు పురాణంలోని సైకీ పేరు పెట్టి, సీతాకోకచిలుక రెక్క మీద నక్షత్రమున్న గుర్తును కూడా కేటాయించారు గానీ, అప్పటికే వలయంలో అంకె వేసే పద్ధతి రావడంతో ఆ ముచ్చటైన గుర్తు వాడుకలో నిలవలేదు.

ఆ తర్వాత శతాబ్దానికి పైగా సైకీ ఒక వెలుగు చుక్క మాత్రమే. దాని కాంతి వర్ణపటం ఇనుప ఉల్కల వర్ణపటాన్ని పోలి ఉండడం, 1980లలో పంపిన రాడార్ తరంగాలు మామూలు రాతి శకలాల కంటే బలంగా తిరిగి రావడం గమనించాక, ఏదో తొలినాటి చిరుగ్రహం ఢీకొట్టుళ్లలో పై రాతి పొరలన్నీ ఊడిపోగా మిగిలిన లోహపు గర్భమే ఇదన్న ఊహ బలపడింది. ఊహ అందమైనదే. అయితే రాడార్ చెప్పేది పైపొర సంగతి. లోపల ఏముందో చెప్పాల్సింది సాంద్రత.

చిక్కంతా అక్కడే వచ్చింది. సైకీ ద్రవ్యరాశిని ఇతర గ్రహశకలాల కక్ష్యలపై అది చూపే స్వల్పమైన లాగుడును బట్టి లెక్కకట్టాలి, ఘనపరిమాణాన్ని దూరం నుంచి అంచనా వేసిన కొలతలతో తేల్చాలి. వ్యాసంలో నూటికి 5 పాళ్లు తేడా వస్తే ఘనపరిమాణంలో అది దాదాపు 16 పాళ్లవుతుంది. అందుకే నీటితో పోల్చి చెప్పే సాంద్రత ఒక లెక్కలో 2 దగ్గర, మరో లెక్కలో 7 దగ్గర తేలింది. ఇప్పుడు 3.4 నుంచి 4.1 మధ్య ఉంటుందంటున్నారు. ఇనుము సాంద్రత దాదాపు 7.9. అంటే అది లోహమూ రాయీ కలిసిన ముద్దయినా కావాలి, లేదా లోపల బోలెడన్ని ఖాళీలున్నదైనా కావాలి. ఘనపరిమాణంలో లోహం వాటా 30 నుంచి 60 శాతం ఉండవచ్చన్న అంచనా మొదటిదాని వైపే మొగ్గుతోంది.

ఆకారంలో ఇది బంగాళాదుంపను తలపిస్తుంది. అత్యధిక పొడవు సుమారు 280 కిలోమీటర్లు. దాదాపు పక్కకు పడుకుని దొర్లుతున్నట్టుగా 4 గంటల 12 నిమిషాలకు ఒక చుట్టు తిరుగుతూ, సూర్యుణ్ణి చుట్టిరావడానికి సుమారు అయిదేళ్లు తీసుకుంటుంది.

2023 అక్టోబరు 13న బయలుదేరిన నాసా వ్యోమనౌక 2029లో అక్కడికి చేరవలసి ఉంది. అందులోని పరికరాల్లో అయస్కాంత మాపకం మీదే ఆసక్తి ఎక్కువ. ఒకప్పుడు కరిగి తిరిగిన లోహగర్భమే అయితే, చల్లారే వేళ గడ్డకట్టిన అయస్కాంత క్షేత్రపు జాడ ఆ శకలంలో ఇంకా మిగిలి ఉండే అవకాశముంది.