యూనివర్సల్ క్రెడిట్‌లో అప్పుల కోత: అపోహలు - వాస్తవాలు

బ్రిటన్‌లో స్థిరపడిన కుటుంబానికి ఉద్యోగం పోయి, యూనివర్సల్ క్రెడిట్ (తక్కువ ఆదాయం ఉన్నవాళ్లకు ప్రభుత్వం నెలనెలా ఇచ్చే సాయం) మీద నెట్టుకొస్తున్నప్పుడు పాత అప్పుల కోత మొదలైతే ముందు తగ్గేది కూరగాయల సంచీ, ఆ తర్వాత హీటర్ వేసుకునే గంటలు. చాలామంది ఈ కోత ఎవరూ మార్చలేనిదని నోరు మూసుకుని భరిస్తారు. అడిగితే తగ్గించగలిగే కోతలు అందులో చాలానే ఉంటాయి. ఏ కోతకు ఎవరిని అడగాలో తెలియకపోవడమే అసలు చిక్కు.

అపోహ: చేతికొచ్చే డబ్బులో 15 శాతమే కోస్తారు.

వాస్తవం: ఆ 15 శాతం లెక్కగట్టేది స్టాండర్డ్ అలవెన్స్ (జీతం లాంటివి తగ్గించకముందు ఉండే మూల మొత్తం) మీద, మీకు వచ్చే మొత్తం మీద కాదు. 2025 ఏప్రిల్ 30న గానీ ఆ తర్వాత గానీ మొదలైన అసెస్‌మెంట్ పీరియడ్‌ల (మీ సాయం లెక్కగట్టే నెల) నుంచి ఈ గరిష్ఠ పరిమితి 25 నుంచి 15 శాతానికి దిగింది. 2025-26 రేట్ల ప్రకారం పాతికేళ్లు నిండిన ఒంటరి వ్యక్తికి స్టాండర్డ్ అలవెన్స్ నెలకు 400.14 పౌండ్లు. కోత 60.02 పౌండ్ల దాకా వెళ్లవచ్చు. పాత పరిమితే ఉంటే వంద పౌండ్లు పోయేవి.

ఇబ్బంది ఎక్కడంటే, కాస్త పార్ట్‌టైమ్ పని దొరికినవాళ్లకు. జీతం వల్ల యూనివర్సల్ క్రెడిట్ 90 పౌండ్లకు తగ్గిందనుకోండి. కోత పరిమితి మాత్రం అదే 60.02. చేతికొచ్చేది 29.98. చట్టం ప్రకారం కనీసం ఒక్క పెన్నీ మిగిల్చితే చాలు. పని దొరికిన నెలలోనే ఇల్లు గడవక తిప్పలు పడేది ఇందుకే. కాబట్టి జీతం మొదలవుతోందని తెలిసిన రోజే కోత తగ్గించమని అడగండి.

అపోహ: 15 శాతం దాటి పైసా కూడా కోయరు.

వాస్తవం: అద్దె బకాయి వల్ల ఇల్లు ఖాళీ చేయాల్సి వచ్చేలా ఉంటే, కరెంటు, గ్యాస్ ఆగిపోయేలా ఉంటే, ఆ బకాయిల కోసం పరిమితి దాటి కోయవచ్చు. సాంక్షన్లు (షరతులు పాటించలేదని వేసే కోతలు), మోసానికి వేసే పెనాల్టీలు ఈ లెక్కలోకి రావు.

అపోహ: జాబ్‌సెంటర్‌లో (ప్రభుత్వ ఉపాధి కార్యాలయంలో) ఒక్కసారి చెప్పుకుంటే అన్ని కోతలూ తగ్గిస్తారు.

వాస్తవం: ఎక్కువమంది నష్టపోయేది ఇక్కడే. ముందు ఆన్‌లైన్ ఖాతాలో ఆ నెల స్టేట్‌మెంట్ తెరిచి, కోతల భాగంలో ఉన్న ప్రతి వరుసా కాగితం మీద రాసుకోండి. ఉదాహరణకు 400.14 పౌండ్ల అలవెన్స్ మీద ఇలా ఉండవచ్చు: అడ్వాన్స్ 16.67, కౌన్సిల్ ట్యాక్స్ (స్థానిక సంస్థకు కట్టే ఇంటి పన్ను) బకాయి 20.01, నీటి బిల్లు బకాయి 20.01. మొత్తం 56.69 పోయి 343.45 పడుతుంది. మూడు వరుసలు. అడగాల్సిన చోట్లు మాత్రం వేరువేరు.

అడ్వాన్స్ అంటే కొత్తగా దరఖాస్తు చేసినప్పుడు ముందుగా తీసుకున్న అప్పు. దీన్ని 24 నెలల్లో తీర్చాలి, వడ్డీ లేదు. అనుకోని ఖర్చు మీద పడితే 3 నెలల వరకు వాయిదా అడగవచ్చు. దీనికి జర్నల్‌లో (ఆన్‌లైన్ ఖాతాలో సందేశాలు పెట్టే చోట) సందేశం పెట్టండి, లేదా యూనివర్సల్ క్రెడిట్ నంబరు 0800 328 5644కు ఫోన్ చేయండి.

ఎక్కువగా చెల్లించిన బెనిఫిట్, పాత ట్యాక్స్ క్రెడిట్ల (యూనివర్సల్ క్రెడిట్‌కు ముందున్న సాయం) బాకీ, తిరిగి కట్టాల్సిన హార్డ్‌షిప్ పేమెంట్ (సాంక్షన్ పడినప్పుడు ఇచ్చే అత్యవసర సాయం) లాంటివైతే, బెనిఫిట్లు చూసే ప్రభుత్వ శాఖ డీడబ్ల్యూపీలోని డెట్ మేనేజ్‌మెంట్ విభాగం చూస్తుంది: 0800 916 0647. జాబ్‌సెంటర్‌లో మీ కేసు చూసే వర్క్ కోచ్ దగ్గర ఎంత మొరపెట్టుకున్నా ఈ రేటు తగ్గించే అధికారం ఆ టేబుల్ దగ్గర ఉండదు.

కౌన్సిల్ ట్యాక్స్, నీళ్లు, కోర్టు జరిమానాల లాంటివి బయటివాళ్ల బకాయిలు. డీడబ్ల్యూపీ కోసి వాళ్లకు పంపుతుంది. కాబట్టి ముందు ఆ కౌన్సిల్‌తోనో నీటి కంపెనీతోనో మాట్లాడాలి.

డెట్ మేనేజ్‌మెంట్‌కు ఫోన్ చేసేముందు ఒక పేజీ లెక్క దగ్గర పెట్టుకోండి: అద్దెలో మీ జేబులోంచి పోయేది, కరెంటు, గ్యాస్, తిండి, పిల్లల బస్సు ఖర్చు, ఫోను, మిగతా అప్పుల వాయిదాలు. 'కష్టంగా ఉంది, తగ్గించండి' అని ఆపేయకుండా, 'నెలకు 10 పౌండ్లు కట్టగలను' అని అంకె చెప్పండి. మాట్లాడిన తేదీ, అవతలివాళ్లు ఒప్పుకున్న మొత్తం రాసుకుని, అదే విషయం జర్నల్‌లో కూడా పెట్టండి. తర్వాతి నెల పాత రేటే కోస్తే చూపించడానికి ఆ రాత పనికొస్తుంది.

తేదీ ముఖ్యం. అసెస్‌మెంట్ పీరియడ్ ముగిసిన 7 రోజులకు డబ్బు పడుతుంది. స్టేట్‌మెంట్ చూశాక ఫోన్ చేస్తే ఆ నెల లెక్క అప్పటికే కట్టేసి ఉంటుంది. పీరియడ్ ముగియకముందే అడిగితే ఆ నెలకే పనికొచ్చే అవకాశం ఉంటుంది.

అపోహ: వాళ్లు పొరపాటున ఎక్కువ వేశారు కాబట్టి తిరిగి కట్టనక్కర్లేదు.

వాస్తవం: న్యాయంగా అనిపించకపోయినా, యూనివర్సల్ క్రెడిట్‌లో అధికారుల తప్పు వల్ల ఎక్కువ పడిన డబ్బును కూడా వసూలు చేయవచ్చు. మీకు రెండు దారులు ఉన్నాయి, వాటిని కలిపేయకండి. బాకీ లెక్కే తప్పనిపిస్తే నిర్ణయం వచ్చాక ఒక నెల లోపు మాండేటరీ రీకన్సిడరేషన్ (నిర్ణయాన్ని డీడబ్ల్యూపీయే మళ్లీ పరిశీలించడం) అడగండి. సరైన కారణం ఉంటే 13 నెలల వరకు ఆలస్యాన్ని ఒప్పుకోవచ్చు. ఆ దరఖాస్తులోనే కోత ఆపమని కూడా రాయండి. లెక్క సరైనదే అయినా కట్టడం మీ ఆరోగ్యాన్నో పిల్లల బతుకునో దెబ్బతీస్తుంటే, బాకీ మాఫీ చేయమని విడిగా రాతపూర్వకంగా అడగాలి. ఇది వాళ్ల విచక్షణ మీద ఉంటుంది, తేలికగా ఒప్పుకోరు. డాక్టర్ ఉత్తరం, ఖర్చుల లెక్క, పొరపాటు గురించి మీరు ముందే జర్నల్‌లో చెప్పి ఉంటే ఆ సందేశం, అన్నీ జతచేయండి.

అపోహ: ఒక అప్పు తీరితే వచ్చే నెల చేతికి ఎక్కువ వస్తుంది.

వాస్తవం: వరుసలో ఇంకో బాకీ కాచుకుని ఉంటే ఖాళీ అయిన చోటులోకి అది వస్తుంది. అందుకే మొత్తం బాకీలెన్నో ముందే అడిగి తెలుసుకోండి. పాత ట్యాక్స్ క్రెడిట్ల బాకీ పన్నుల శాఖ హెచ్‌ఎంఆర్‌సీ నుంచి డీడబ్ల్యూపీకి బదిలీ అయి, ఏళ్ల తర్వాత హఠాత్తుగా కనిపించవచ్చు. ఆ లెక్క ఎలా వచ్చిందో వివరం అడిగే హక్కు మీకుంది.

అపోహ: యూనివర్సల్ క్రెడిట్ ఆపేసుకుంటే బాకీ పోతుంది.

వాస్తవం: పోదు. కోర్టుకు వెళ్లకుండానే మీ యజమానికి నేరుగా చెప్పి జీతంలోంచి కోయించే అధికారం డీడబ్ల్యూపీకి ఉంది. మామూలు రేటులో ఇది నికర జీతంలో 20 శాతం దాకా వెళ్తుంది. ఆ పరిస్థితి రాకముందే ఫోన్ చేసి నెలవారీ కట్టుబడి కుదుర్చుకుంటే ఆఫీసులో ఎవరికీ తెలియదు.

అపోహ: బ్రీతింగ్ స్పేస్ (అప్పుల వసూళ్లకు చట్టపరంగా ఇచ్చే తాత్కాలిక విరామం) తీసుకుంటే అన్ని కోతలూ ఆగుతాయి.

వాస్తవం: ఇంగ్లండ్, వేల్స్‌లో 2021 మే 4 నుంచి ఉన్న ఈ 60 రోజుల విరామం బెనిఫిట్ ఓవర్‌పేమెంట్లకు (ఎక్కువగా చెల్లించిన డబ్బుకు) వర్తిస్తుంది, అది మోసం కేసు కాకపోతే. యూనివర్సల్ క్రెడిట్ అడ్వాన్సులకూ కోర్టు జరిమానాలకూ వర్తించదు. దరఖాస్తు అధీకృత అప్పుల సలహాదారు ద్వారానో కౌన్సిల్ ద్వారానో పెట్టాలి.

అప్పులు తీర్చలేనంత పెద్దవైతే డెట్ రిలీఫ్ ఆర్డర్ (వసూళ్లను ఏడాది ఆపి, తర్వాత అప్పులు మాఫీ చేసే ఆదేశం) గురించి ఆ సలహాదారునే అడగండి. 2024 జూన్ 28 నుంచి అప్పుల పరిమితి 50,000 పౌండ్లు. దరఖాస్తు రుసుము 2024 ఏప్రిల్‌లోనే తీసేశారు. ఖర్చులు పోగా నెలకు మిగిలేది 75 పౌండ్లు దాటకూడదు. ఆర్డర్‌లో చేర్చిన ఓవర్‌పేమెంట్‌ను ఆ ఏడాది కాలంలో బెనిఫిట్‌లోంచి కోయకూడదని 2011లోనే సుప్రీంకోర్టు తేల్చింది.