భృతి మొత్తం పెరిగింది, అందుకునేవారు తగ్గారు

కర్నూలు (ఆంధ్రప్రదేశ్), గద్వాల (తెలంగాణ), రాయచూరు (కర్ణాటక) జిల్లాలు ఒకదాన్నొకటి ఆనుకుని ఉంటాయి. 2023లో డిగ్రీ పాసై, ఆరు నెలలు గడిచినా ఉద్యోగం దొరకని యువతికి రాయచూరులో అయితే నెలకు 3000 రూపాయల భృతికి అర్హత ఉండేది. అదే పట్టాతో కర్నూలులోనో గద్వాలలోనో ఉంటే అడగడానికి పథకమే లేకపోయింది. నిరుద్యోగ భృతిపై మళ్లీ రేగిన రగడలో ఏ రాష్ట్రం ఎంత ఇస్తానందన్న లెక్కలే ఎక్కువగా వినిపిస్తున్నాయి. నిరుద్యోగులకు ప్రభుత్వ సాయం గురించి చెప్పే రాజ్యాంగంలోని 41వ అధికరణం నుంచి మొదలుపెట్టే పాత చరిత్ర అందరికీ తెలిసిందే. ఇప్పటి చిక్కుముడి మాత్రం 2018 అక్టోబరులో పడింది.

ఆ నెల 2న ఆంధ్రప్రదేశ్‌లో ముఖ్యమంత్రి యువనేస్తం మొదలైంది. మొదట్లో ఇచ్చింది నెలకు 1000 రూపాయలే. 2014 ఎన్నికల హామీ అమలుకు నాలుగేళ్లకు పైగా పట్టింది కాబట్టి విమర్శలు సహజంగానే వచ్చాయి. అయినా ఆ పథకానికి ఒక విలువ ఉంది: నిరుద్యోగి అంటే ఎవరో అది తేల్చి చెప్పింది. వయసు 22 నుంచి 35 ఏళ్లు, కనీసం డిగ్రీ లేదా డిప్లొమా, తెల్ల రేషన్ కార్డు. ఇంటర్‌తో చదువు ఆపేసినవారికి చోటు లేదు. అంటే కళాశాలలు తక్కువగా ఉండి, చదువు మధ్యలోనే ఆగిపోయే ప్రాంతాల యువతకు అవసరం ఎక్కువ, అర్హత తక్కువ. ప్రాంతాల మధ్య తేడా నిబంధనల్లోనే పుట్టింది. ఈ లోపం మీద జరగాల్సిన చర్చ జరగనే లేదు.

ఎందుకంటే రెండు వారాలు తిరిగేసరికి పక్క రాష్ట్రంలో వేలం మొదలైంది. తెలంగాణ ఎన్నికల ముందు కాంగ్రెస్ 3000 అంటే, టీఆర్ఎస్ 3016 అంది. గెలిచాక 2019 ఓటాన్ అకౌంట్ బడ్జెట్‌లో 1810 కోట్లు చూపించారు కూడా. మార్గదర్శకాలు రాలేదు. 2023లో ఆ ప్రభుత్వం దిగిపోయేదాకా ఒక్కరికీ అందలేదు. అదే ఏడాది మే 8న సరూర్‌నగర్ సభలో కాంగ్రెస్ యూత్ డిక్లరేషన్ ఆ మొత్తాన్ని 4000కు చేర్చింది. గద్దెనెక్కాక ఉద్యోగ నియామకాలను, 2025లో ప్రకటించిన రాజీవ్ యువ వికాసాన్ని ముందుకు తెచ్చింది. అది స్వయం ఉపాధికి రాయితీ రుణం, నెలనెలా భృతి కాదు.

ఆంధ్రప్రదేశ్‌లో 2019లో ప్రభుత్వం మారడంతో యువనేస్తం ఆగిపోయింది. భృతికి బదులు గ్రామ, వార్డు సచివాలయాల్లో కొలువులిచ్చామన్నది వైఎస్సార్‌సీపీ వాదన. నియామకాలు జరిగిన మాట నిజమే. పరీక్ష నెగ్గనివారి సంగతికి ఆ వాదనలో జవాబు లేదు. 2024లో తెలుగుదేశం కూటమి తన ఆరు ప్రధాన హామీల జాబితా సూపర్ సిక్స్‌లో 20 లక్షల ఉద్యోగాలు లేదా నెలకు 3000 భృతి అని రాసుకుంది. తొలి ఏడాదిలో ఆ భృతి ఎవరి ఖాతాలోనూ పడలేదు. పెట్టుబడులు, ఉద్యోగాలు వస్తున్నాయన్నది అధికార పక్షం సమాధానం.

రెండు తెలుగు రాష్ట్రాల్లో ఇంతవరకు చెప్పిన మొత్తాల్లో నిజంగా చేతికందింది అన్నిటికంటే చిన్నదే.

కర్ణాటక యువనిధి 2024 జనవరి 12న శివమొగ్గలో మొదలైంది. డిగ్రీకి 3000, డిప్లొమాకు 1500, గరిష్ఠంగా రెండేళ్లు. హామీ పత్రంలో ఉన్న మొత్తాన్నే నిబంధనల్లోనూ రాశారు. నిబంధన రాసినంత మాత్రాన మేలు జరుగుతుందని కూడా కాదు. 1982 నుంచి భృతి ఇస్తున్న కేరళలో చాలాకాలం నెలకు 120 రూపాయలే. కుటుంబ వార్షికాదాయం 12,000 దాటితే అదీ లేదు. అంత ఇరుకు గుమ్మంలోంచి ఎంతమంది దూరగలరు?

3000, 4000 అన్న తెలుగు రాష్ట్రాలు ఆ గుమ్మం కొలతలైనా చెప్పలేదు. వయసుకు మాత్రం ఆగే పని లేదు. యువనేస్తం నాటి వయోపరిమితే రేపూ పెడితే, 2018లో 30 ఏళ్ల వయసున వెయ్యి రూపాయలు అందుకున్నవారు 2024 ముగిసేసరికే అర్హత దాటిపోయారు.