పెరుగు పచ్చడిలో నీళ్లు ఎక్కడివి?

గడ్డ పెరుగు వేసి చిక్కగా కలిపిన కీర దోసకాయ పచ్చడి గంట తిరక్కుండానే పలచబడిపోతుంది. విస్తట్లో వడ్డిస్తే ముద్ద ఒకవైపు, నీళ్లు ఒకవైపు. ఆ నీళ్లు పక్కనున్న పప్పన్నంలోకి పారి దాని రుచి కూడా చెడగొడతాయి. నింద మాత్రం పాలవాడి మీద పడుతుంది: పాలలో నీళ్లు కలిపాడు, అందుకే పెరుగు సరిగా తోడుకోలేదు అని. పాలవాడు చేసిన పాపాలు వేరే ఉంటే ఉండవచ్చు, ఇందులో మాత్రం అతను నిర్దోషి. తప్పు ఉప్పుది. అంతకంటే ఎక్కువగా, ఆ ఉప్పు వేసిన వేళది.

ఒక్కసారి లెక్క చూడండి. కీర దోసకాయలో నూటికి 95 వంతులు నీరే. ఆవుపాల పెరుగులో 87, 88 వంతులు. పావుకిలో కీరా, పావుకిలో పెరుగు కలిపితే ఆ అరకిలో పచ్చడిలో దాదాపు 450 గ్రాములు నీళ్లే ఉంటాయి. గట్టి పదార్థమంతా పోగేసినా యాభై గ్రాములు దాటదు. అయినా గరిటెతో తీస్తే జారిపోకుండా నిలుస్తుంది. ఇన్ని నీళ్లు అసలు ఎలా ఆగుతున్నాయన్నదే ఇందులోని వింత. కీరా ఒక పద్ధతిలో ఆపుతుంది, పెరుగు మరో పద్ధతిలో. ఉప్పు వీటిలో మొదటిదాన్ని చెడగొడుతుంది.

ముందు కీరా సంగతి. దాని కణాల్లో ఒక్కో దానిలోనూ రిక్తిక అనే సంచీ ఉంటుంది. నీరంతా అందులోనే. ఆ సంచీ ఉబ్బి కణకవచాన్ని లోపలి నుంచి నెడుతూ ఉంటుంది. కొరికినప్పుడు కరకరలాడేది ఈ ఒత్తిడే. కణం చుట్టూ ఉన్న పలచని పొర నీటిని సులభంగా దాటనిస్తుంది, ఉప్పును అంత సులభంగా దాటనివ్వదు. బయట ఉప్పు చేరి అక్కడి ద్రవం చిక్కబడగానే లోపలి నీరు బయటికి నడుస్తుంది. బళ్లో చదువుకున్న ద్రవాభిసరణం ఇదే. ఎండుద్రాక్షను నీళ్లలో వేసి ఉబ్బడం చూపించిన ప్రయోగానికి ఇది సరిగ్గా తిరగేసిన రూపం.

దీన్ని కళ్లతో చూడవచ్చు. కీరా తురిమి పళ్లెంలో పరచి, పావుకిలోకి అర చెంచా ఉప్పు చల్లి వదిలేయండి. రెండు నిమిషాలకు తురుము మీద తడి మెరుపు వస్తుంది. అయిదు నిమిషాలకు ఉప్పు రవ్వలు కనిపించవు. పావుగంటకు పోగులు మెత్తబడి ఒకదాని మీద ఒకటి వాలిపోతాయి. అప్పుడు పళ్లెం వంచితే లేత ఆకుపచ్చ నీళ్లు అంచుకు చేరతాయి. ఆ తురుమును గుప్పిట్లోకి తీసుకుని పిండితే ఇంకా వస్తాయి. ఈ పని పెరుగులో కలపకముందు జరిగితే పచ్చడి నిలుస్తుంది. కలిపాక జరిగితే అదే నీరు పెరుగులోకి దిగుతుంది. అంతే తేడా. పిండిన నీళ్లు పారబోయనక్కర్లేదు, మజ్జిగలో పోసుకోవచ్చు. ఉప్పు మాత్రం మళ్లీ వేయకండి.

ముక్క పరిమాణం కూడా లెక్కలోకి వస్తుంది. సెంటీమీటరు భుజం ఉన్న ఘనాకారపు ముక్కకు ఆరు చదరపు సెంటీమీటర్ల ఉపరితలం ఉంటుంది. దాన్నే రెండేసి మిల్లీమీటర్ల ముక్కలుగా తరిగితే 125 ముక్కలై ఉపరితలం ముప్పైకి చేరుతుంది. అంటే ఉప్పుకు అయిదు రెట్లు ఎక్కువ దారులు. తురిమితే కణాలు ఎలాగూ చితికిపోతాయి కాబట్టి ఉప్పు లేకుండానే కొంత నీరు బయటపడుతుంది. ఇంటి భోజనానికైతే పిండే పని పెట్టుకోకుండా కాస్త పెద్ద ముక్కలు తరిగి, గింజల మధ్య ఉండే జిగురు గుజ్జు తీసేసి, పెరుగు, ఉప్పు వడ్డించే ముందు కలపడమే మేలని నా అభిప్రాయం. కరకర అంతా దక్కుతుంది. వందమంది పంక్తికైతే ఆ సుఖం కుదరదు, పిండాల్సిందే.

కీరా తరగ్గానే గది నిండా వచ్చే ఆ చల్లని వాసన కాయలో ముందే తయారై ఉండదు. కత్తి దిగినప్పుడు కణాలు తెగి, వాటిలోని ఎంజైములు కొవ్వు ఆమ్లాల మీద పనిచేసి నోనాడయినాల్ వంటి పదార్థాలను అప్పటికప్పుడు పుట్టిస్తాయి. గంట ముందే తరిగి పెడితే ఆ వాసన చాలావరకు గాలిలో కలిసిపోతుంది. చేదు సంగతి వేరు. అది కుకుర్బిటాసిన్లు అనే విష పదార్థాల వల్ల వస్తుంది. తొడిమ వైపు, తోలు దగ్గర ఎక్కువ. ఆ చివర కోసి రుచి చూస్తే తెలిసిపోతుంది. సొరకాయ పెరుగు పచ్చడి చేసేవాళ్లు మాత్రం దీన్ని తేలిగ్గా తీసుకోకూడదు. చేదు సొరకాయ రసం తాగి మన దేశంలో మరణాలు సంభవించాక భారత వైద్య పరిశోధన మండలి నియమించిన నిపుణుల సంఘం చేదు కాయను అసలు వాడవద్దని చెప్పింది. ఉడికించినా ఆ విషం పోతుందన్న భరోసా లేదు.

ఇక పెరుగు. పాలలోని ప్రోటీన్లలో నూటికి 80 వంతులు కేసీన్. మీటరులో కోటి వంతుకు అటూ ఇటూ ఉండే చిన్న ఉండలుగా అది పాలలో తేలుతూ, ఒక ఉండ మరో ఉండను నెట్టేసుకుంటూ విడివిడిగా ఉంటుంది. తాజా పాల పీహెచ్ (పులుపును కొలిచే అంకె, అది తగ్గినకొద్దీ పులుపు ఎక్కువ) 6.7 దగ్గర. తోడులోని బాక్టీరియా పాలలోని చక్కెరను లాక్టిక్ ఆమ్లంగా మారుస్తున్నకొద్దీ అది దిగుతూ 4.6 దాకా వస్తుంది. ఆ దశలో ఉండలకు ఒకదాన్నొకటి నెట్టుకునే విద్యుదావేశం మిగలదు. అతుక్కుని వలలా అల్లుకుంటాయి, నీరంతా ఆ వల కన్నుల్లో చిక్కుకుంటుంది. మొదటి గరిటె తీశాక ఏర్పడిన గుంటలో కాసేపటికి ఊరే పసుపుపచ్చ తేట, వల తెగినచోట విడుదలైన నీరే. ఆ రంగు రైబోఫ్లావిన్ అనే బి2 విటమిన్‌ది.

వల బిగువు తోడు పెట్టకముందే నిర్ణయమైపోతుంది. పాలు బాగా కాగితే వాటి తేటలో ఉండే బీటా లాక్టోగ్లోబ్యులిన్ అనే ప్రోటీన్ వేడికి విప్పుకుని కేసీన్ ఉండలకు అంటుకుంటుంది. అలా అల్లిన వల నీటిని గట్టిగా పట్టుకుంటుంది. ఒక్క పొంగు రాగానే దించేసిన పాలకంటే సన్నసెగ మీద పది నిమిషాలు మరిగిన పాలు చిక్కటి పెరుగునివ్వడం ఇందుకే. మరుగుతూ కొంత నీరు ఆవిరైపోవడం అదనపు లాభం. గేదె పాలలో ప్రోటీనూ ఎక్కువ, వెన్నా ఎక్కువ కాబట్టి పచ్చడికి నా ఓటు ఎప్పుడూ గేదె పెరుగుకే. మట్టి ముంతలో తోడు పెడితే ఆ మట్టి కొంత నీటిని పీల్చుకుని బయటి వైపు నుంచి ఆవిరి చేస్తుంది, పెరుగు ఇంకాస్త గట్టిపడుతుంది.

వేసవిలో చిక్కు ఏమిటంటే ఈ పనంతా మరీ తొందరగా జరిగిపోతుంది. వేడి ఎక్కువైనకొద్దీ ఆమ్లం వేగంగా పుడుతుంది, వల ముతకగా అల్లుకుంటుంది, తేట ఎక్కువ ఊరుతుంది, పులుపూ ముదురుతుంది. తోడు చుక్క చాలు, పాలు గోరువెచ్చన కంటే కాస్త తక్కువలో ఉన్నా పరవాలేదు. తోడుకున్న వెంటనే ఫ్రిజ్‌లో పెట్టాలి. అక్కడ బాక్టీరియా చావదు, మందగిస్తుంది. కలిపేటప్పుడు కవ్వం జోలికి వెళ్లకండి. చిలికిన కొద్దీ వల ముక్కలవుతుంది, తెగిన వల మళ్లీ పూర్తిగా అతుక్కోదు. గరిటెతో నాలుగు తిప్పులు చాలు.

నీరు ఎప్పుడూ కూర నుంచి పెరుగులోకే పారుతుందనుకుంటే పొరపాటు. బెండకాయ పెరుగు పచ్చడి చూడండి. నూనెలో బాగా వేగిన బెండ ముక్కలో తడి దాదాపు ఉండదు. పెరుగులో పడగానే అదే తేటను పీల్చుకోవడం మొదలుపెడుతుంది, లోపల మిగిలిన జిగురు కూడా నీటిని పట్టుకుంటుంది. కాసేపటికి పచ్చడి ఇంకా చిక్కబడుతుంది, ముక్క మాత్రం మెత్తబడుతుంది. కరకర కావాలంటే వడ్డించే ముందే కలపాలి. ఉడికించిన సొరకాయ, బూడిద గుమ్మడికాయలది మళ్లీ ఇంకో దారి. 60 డిగ్రీలు దాటిన వేడికి కణ పొరలే దెబ్బతింటాయి, ఉప్పు అవసరం లేకుండానే నీరు కారిపోతుంది. నీళ్లు పోసి ఉడికించే బదులు మూతపెట్టి మగ్గబెట్టి, వార్చి, పూర్తిగా చల్లార్చాకే పెరుగులో వేయాలి. వేడి ముక్క తగిలినచోట వల ముడుచుకుని తేట కక్కుతుంది. బీట్‌రూట్ తురుము పచ్చడి మొత్తాన్ని గులాబీ రంగులో ముంచేస్తే క్యారట్ తురుము తన రంగు తనలోనే ఉంచుకోవడం కూడా నీటి వ్యవహారమే. బీట్‌రూట్ రంగు నీళ్లలో కరుగుతుంది, క్యారట్‌లోని కెరోటిన్ కొవ్వులోనే కరుగుతుంది.

పోపు దగ్గర నెయ్యి మంచిదా, నూనె మంచిదా అనే వాదనలో చల్లటి పచ్చడి మటుకు నూనె పక్షం. నెయ్యి చల్లదనానికి గడ్డకట్టి నాలుకకు పలుకులుగా తగులుతుంది. ఇంగువ, కరివేపాకు, ఎండుమిర్చి వాసనలు కొవ్వులో బాగా కరుగుతాయి కాబట్టి ఒక చెంచా నూనె వాటిని గిన్నె అంతటా మోసుకుపోతుంది. చల్లటి వంటకంలో వాసనలు గాలిలోకి తక్కువగా ఎగురుతాయి, అందుకే పోపు కొంచెం ఘాటుగా ఉన్నా ఎక్కువనిపించదు. ఆవాల సంగతి మరీ తమాషా. వేడి నూనెలో చిటపటలాడిన ఆవాలకు కమ్మదనం వస్తుంది కానీ ఘాటు రాదు, ఎందుకంటే ఘాటును పుట్టించే మైరోసినేజ్ అనే ఎంజైము ఆ వేడికి చచ్చిపోతుంది. అవే ఆవాలు పచ్చివి నీళ్లతో నూరితే ఎంజైము ఆవాల్లోనే ఉండే సినిగ్రిన్ అనే పదార్థం మీద పనిచేసి, ముక్కుకెక్కే అల్లైల్ ఐసోథయోసయనేట్‌ను తయారుచేస్తుంది. ఆవ పెట్టిన పెరుగు పచ్చడి రుచి అంతా అక్కడుంది. ముందు నీళ్లతో నూరి అయిదు నిమిషాలు ఆగి, ఘాటు ఎక్కాక పెరుగులో కలపాలి. నేరుగా పుల్లటి పెరుగులోనే నూరితే ఆ ఆమ్లంలో ఎంజైము మందకొడిగా పనిచేస్తుంది.

ఈ మధ్య పార్టీల్లో పెరుగు స్థానంలోకి మయోనైజ్ వచ్చింది. నోటికి అదే నునుపు, నిర్మాణం మాత్రం పూర్తిగా వేరు. అందులో ఎక్కువ భాగం నూనె. గుడ్డు పచ్చసొనలోని లెసిథిన్ ఆ నూనెను సన్నటి చుక్కలుగా విడగొట్టి పట్టి ఉంచుతుంది. ఉడకని గుడ్డుతో చేస్తే సాల్మొనెల్లా అనే రోగకారక బాక్టీరియా భయం ఉంటుంది. తెలంగాణ ప్రభుత్వం 2024 అక్టోబరు 30న పచ్చి గుడ్ల మయోనైజ్‌ను ఏడాదిపాటు నిషేధించింది. పెరుగుకు దాని ఆమ్లమే కొంత కాపలా. కానీ కూరముక్కలు, వాటి నీళ్లు కలిసినకొద్దీ ఆ ఆమ్లం పలచబడుతుంది. సిద్ధం చేసిన ఆహారాన్ని రెండు గంటలకు మించి బయట ఉంచవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. మే నెల రెంటచింతలలోనో రామగుండంలోనో ఆ రెండు గంటలు కూడా ఎక్కువే.

ఇంతకీ ఇది చలవ చేస్తుందా? చల్లదనం వల్ల మాత్రమే అంటే లెక్క తేలదు. పది డిగ్రీల చల్లదనంలో ఉన్న 200 గ్రాముల పచ్చడి ఒంట్లో 37 డిగ్రీలకు చేరేలోపు సుమారు అయిదున్నర కిలో కేలరీల వేడిని మాత్రమే తీసుకుంటుంది. అదే 200 గ్రాముల చెమట పూర్తిగా ఆవిరైతే 116 కిలో కేలరీల దాకా తీసుకుపోతుంది, అంటే ఇరవై రెట్లు. పచ్చడి మేలు దాని నీటిలో ఉంది, చెమటతో పోయిన సోడియాన్ని తిరిగి ఇచ్చే ఉప్పులో ఉంది. పొడి గాలి వీచే రామగుండంలో ఆ చెమట చకచకా ఆరుతుంది, కాకినాడ ఉక్కపోతలో ఆరక కారిపోతుంది. కాబట్టి ఒకే పచ్చడి రెండు ఊళ్లలో ఒకేలా పనిచేయదు. పచ్చిమిర్చి మంట నిజమైన వేడి కాదు, 43 డిగ్రీలు దాటిన వేడికి స్పందించే నాడీ గ్రాహకాన్నే మిర్చిలోని కాప్సైసిన్ అనే పదార్థం కూడా మీటుతుంది. ఆ గ్రాహకాన్ని గుర్తించిన డేవిడ్ జూలియస్‌కు 2021లో నోబెల్ వైద్య బహుమతిలో భాగం దక్కింది. పెరుగులోని కేసీన్ కాప్సైసిన్‌ను పట్టుకుని మంట తగ్గిస్తుంది, మంచినీళ్లు ఆ పని చేయలేవు.

ఇన్ని జాగ్రత్తలు తీసుకున్నా, వెంటనే ఫ్రిజ్‌లో దాచిన పచ్చడి మర్నాటికి కొంత పలచబడి, పుల్లబడి ఉంటుంది. అప్పుడు దాన్ని గట్టిపరచాలని చూడడం వృథా. ఇంకో గ్లాసు నీళ్లు పోసి, చెంచాడు శనగపిండి ఉండ కట్టకుండా కలిపి, కాస్త పసుపు వేసి సన్నసెగ మీద తిప్పుతూ కాచండి. శనగపిండిలోని పిండిపదార్థం వేడికి ఉబ్బి కేసీన్ ముద్దల మధ్య అడ్డుపడుతుంది కాబట్టి పెరుగు విరగదు. మధ్యాహ్నానికి మజ్జిగ పులుసు సిద్ధం.