హాజరు పట్టీలో కనిపించని మహిళలు: కార్యక్రమాల మూల్యాంకనంపై అపోహలు - వాస్తవాలు

గుంటూరు, విజయవాడ పేటల్లో జరిగే అభివృద్ధి కార్యక్రమాలను మూల్యాంకనం చేయడం నా వృత్తి. కార్యక్రమాన్ని నడిపేవారే కాక మా సాటి మూల్యాంకనకర్తలు సైతం గట్టిగా నమ్మే కొన్ని అపోహలను, పనిలో నాకు ఎదురైన అనుభవాలతో పోల్చి రాస్తున్నాను.

అపోహ: సమావేశానికి వచ్చినవారిలో సగం మంది మహిళలైతే భాగస్వామ్యం సాధించినట్లే.

వాస్తవం: హాజరు పట్టీ ఎవరు వచ్చారో చెబుతుంది గానీ, ఎవరు రాలేకపోయారో చెప్పదు. గుంటూరులోని ఒక పేటలో ఉదయం 11 గంటలకు పెట్టిన సమావేశానికి 40 మంది వస్తే, వారిలో 30 మంది మహిళలే కావడంతో నేను తృప్తిపడ్డాను. అక్కడి శిశు సంరక్షణ కేంద్రం బాగా నడుస్తోందని అందరూ ఒకే మాటగా చెప్పారు. తీరా చూస్తే, మిరపకాయల తొడిమలు తీసే పనికి వెళ్లేవారు ఆ 30 మందిలో ఒక్కరూ లేరు. ఎంత పని చేస్తే అంతే కూలి గనుక, సీజన్‌లో ఒక పూట మానుకుని వచ్చి మా ప్రశ్నలకు జవాబు చెప్పడం వారికి కుదరదు. పైగా కబురు చేసింది మహిళా పొదుపు సంఘాల సమాఖ్య నాయకురాళ్లు కాబట్టి, వారు తమ గ్రూపులవారినే పిలుచుకున్నారు. అందులో దురుద్దేశమేమీ లేదు, అలవాటు అంతే. మరునాడు రాత్రి ఏడున్నరకు ఆ కూలికి వెళ్లే మహిళలతో ఒక ఇంటి అరుగు మీద మళ్లీ కూర్చున్నాం. కారం మంటకు అరచేతులు ఊదుకుంటూ ఒకామె అన్న మాట ఇది: “కేంద్రం నాలుగింటికి మూసేస్తారు, మాకు పని వదిలేది ఆరింటికి. ఆ రెండు గంటలూ పిల్లల్ని ఎవరు చూస్తారమ్మా?”

అపోహ: చదువు రానివారు అంచనా వేయలేరు, సూచికలను (ఫలితాన్ని కొలిచే గుర్తులను) నిపుణులే తయారు చేయాలి.

వాస్తవం: ఎక్కువగా సంపన్న దేశాలున్న కూటమి ఓఈసీడీకి చెందిన అభివృద్ధి సహాయ కమిటీ 1991లో రూపొందించి, 2019లో సవరించిన మూల్యాంకన ప్రమాణాల్లో సందర్భోచితత్వం, పొందిక, ఫలసాధకత, సామర్థ్యం, ప్రభావం, సుస్థిరత అనే ఆరు ఉన్నాయి. వాటితో నాకు పేచీ లేదు. అయితే ఫలితాన్ని ఎవరి కంటితో చూడాలన్నది మనం తేల్చుకోవలసిన విషయం. విజయవాడలో కొండవాలు మీదకు పాకిన ఒక పేటలో, ఎన్ని కుళాయిలు బిగించారన్నదే కార్యక్రమం పెట్టుకున్న సూచిక. అక్కడి మహిళలు ముగ్గుపిండితో మెట్లూ ఇళ్లూ కుళాయిలూ నేల మీద గీసి, బాగున్న కుళాయికి ఐదు, బాగాలేనిదానికి ఒకటి చొప్పున చింతగింజలు పెట్టారు. ఇంజనీర్లు అన్నింటికంటే మెచ్చుకున్న కుళాయికి ఒక్క గింజే పడింది. దానికి నీళ్లొచ్చేది తెల్లవారుజామున నాలుగింటికి, ఆ సందులో వీధిదీపం లేదు. “ఆడపిల్లకు బిందె ఇచ్చి ఒంటరిగా పంపగలమా?” అన్నదే వారి సూచిక, ఏ నిపుణుడి పట్టికలోనూ నాకు కనిపించనిది.

అపోహ: రుణం మహిళ పేరిట వస్తే సాధికారత వచ్చినట్లే.

వాస్తవం: పాస్‌బుక్ ఎవరి పేరున ఉందన్నది ఒకటి, డబ్బు మీద చెల్లుబాటు ఎవరిదన్నది మరొకటి. డ్వాక్రా మొదలైన 1982 నుంచీ ఈ తేడా మన కళ్లెదుటే ఉంది. చివరిసారి తెచ్చిన రుణం దేనికి ఖర్చయింది, ఆ నిర్ణయం ఎవరిది, వాయిదాలు ఎవరి సంపాదనలోంచి కట్టారు అన్న మూడు ప్రశ్నలను, భర్తా అత్తగారూ పక్కన లేని సమయం చూసి అడగాలి.

అపోహ: స్థానికులనే కలుపుకుని అంచనా వేసే భాగస్వామ్య పద్ధతిలో వచ్చేవి అభిప్రాయాలే, ఆధారాలు కావు.

వాస్తవం: ఉపాధి హామీ చట్టం (2005) 17వ సెక్షన్ సామాజిక తనిఖీని, అంటే పనుల లెక్కలను జనమే సరిచూసే పనిని, గ్రామసభకే అప్పగించింది, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఆ తనిఖీలు 2006లోనే మొదలయ్యాయి. మస్టర్‌లోని (కూలీల హాజరు పట్టీలోని) పేరు పైకి చదివి, ఆ మనిషినే ఎన్ని రోజులు చేశారు, ఎంత అందింది అని అడగడం కంటే గట్టి ఆధారం ఏ నమూనా సర్వేలో దొరుకుతుంది?

అపోహ: జెండర్ అంటే ఆడవాళ్లతో మాట్లాడటమే.

వాస్తవం: మగవారిని విడిగా కూర్చోబెట్టి, భార్య 24 గంటలూ ఎలా గడుస్తాయో గీయమంటాను. మధ్యాహ్నం రెండు గంటల పాటు విశ్రాంతి తప్పకుండా గీస్తారు. ఆ బొమ్మ చూసి భార్యలు నవ్వుతారు. 2019 జాతీయ కాల వినియోగ సర్వే ప్రకారం జీతం లేని ఇంటిపని చేసేవారిలో మహిళలు సగటున రోజుకు 299 నిమిషాలు, పురుషులు 97 నిమిషాలు వెచ్చించారు.

అపోహ: నివేదిక సమర్పించడంతో పని ముగుస్తుంది.

వాస్తవం: నేనూ కొన్నేళ్లు అలాగే అనుకున్నాను. ఇప్పుడు ముసాయిదాను పేటలో పైకి చదివి వినిపించడానికి ఒక సాయంత్రం ఖర్చును బడ్జెట్‌లోనే చూపిస్తున్నాను. గుంటూరులో కేంద్రం వేళలు పెంచాలన్న సిఫారసు చదివినప్పుడు, అరుగు చివర కూర్చున్న ఒక పెద్దావిడ అడ్డుపడింది. “వేళ పెంచమని రాశారు సరే, ఆ ఆయాకు జీతం పెంచమని రాయలేదేమమ్మా? ఆమెకూ ఇంటి దగ్గర పిల్లలున్నారుగా.” ఆ వాక్యం అక్కడికక్కడే చేర్చి, సిఫారసు మళ్లీ చదివాను.